ముసలి పిల్లికి గింత జాగ ఇద్దాం

పిసినారోన్ని సూస్తే ‘పిల్లికి గూడ బిచ్చమెయ్యడు’ అంటం. అదే పిల్లి ఎదురొస్తే ఆగి ఎన్కకు మళ్లుతం. ముద్దుగున్న పిల్లికూన కనిపిస్తే ఫోటో తీసి స్టేటస్ పెడ్తం. ముసలి పిల్లి మాత్రం ఎవ్వలకు వద్దు.

ఏ షెల్టర్‌కన్నా పోయి సూడున్రి. దత్తతకు వచ్చినోళ్లు ముందుగాల కూనల దిక్కే పోతరు. ఎనిమిదేండ్లది, పదేండ్లది మూలకు బోనుల అట్లనే కూసుంటది. అది గల్లీల పెరిగింది గాదు, చానసార్లు ఎవలో ఇంట్ల సాదుకున్నదే. సాదిన అవ్వ సచ్చిపోయిందని, కిరాయి ఇంటి ఓనర్ వద్దన్నడని, దేశం దాటి పోతున్నమని తెచ్చి ఇడిసిపెడ్తరు. కొందరు షెల్టర్ దాక గూడ రారు. సంచిల పెట్టి మార్కెట్ కాడ ఇడుస్తరు. పదేండ్లు గిన్నెల తిన్న పిల్లి, బయట కుక్కల నడుమ ఎట్ల బతుకుతది?

సరైన కారణం లేకుండ, తిండి నీళ్లు లేక బాధపడేటట్టు జంతువును వదిలెయ్యడం నేరమే. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 11వ సెక్షన్ల ఉన్నది. మొదటిసారికి జరిమాన ఎంతో ఎరికేనా? 10 నుంచి 50 రూపాయలు! ఇద్దరు హోటల్ల చాయ్ తాగితే అయ్యే ఖర్సు. గందుకే ఎవలకూ భయం లేదు.

‘ముసలిది మనకు మచ్చికైతదా, ఎన్నొద్దులు బతుకుతది’ అని అడుగుతరు. ఇంట్లనే ఉండే పిల్లి పన్నెండు, పదిహేనేండ్లు మంచిగ బతుకుతది, కొన్ని ఇంకా ఎక్కువ. ఎనిమిదేండ్ల పిల్లికి ఇంక మస్తు బతుకున్నది. పైంగ దాని గుణమేందో ముందే తెలుస్తది. కూన పెద్దగైనంక ఎట్లుంటదో ఎవలు జెప్తరు? పెద్ద పిల్లి పరదాలెక్కదు, రాత్రంత ఉరుకదు. పిల్లలు దూరమున్న పెద్దోళ్లకు, పొద్దంత డ్యూటీకి పోయేటోళ్లకు గిదే నయం.

అట్లని ఖర్సు లేదని అబద్ధం జెప్ప. పెద్ద పిల్లులకు పండ్లు, కిడ్నీలు, థైరాయిడ్, కీళ్ల బాధలు వస్తుంటయ్. తెచ్చుకునేముందు షెల్టరోళ్లను అడగాలె: వయసెంత, రేబిస్ టీకా ఏసిన్రా, పిల్లలు కాకుండ ఆపరేషన్ అయిందా, రక్త పరీక్ష చేసిన్రా, ఎందుకు ఇడిసిన్రు? ఇంటికొచ్చినంక నీళ్లు ఎక్కువ తాగుతున్నా, సన్నబడుతున్నా పశువుల డాక్టర్‌కు సూపియ్యాలె.

మొదట్ల ఇల్లంత తిప్పొద్దు. ఒక అర్ర, దాగనీకి ఒక అట్టడబ్బ, అంచు తక్కువున్న తట్టల ఇసుక, పక్కకు తిండి నీళ్లు. మంచం కిందికి పోతే గుంజొద్దు. రోజులు పట్టొచ్చు, వారాలు పట్టొచ్చు, అదే వస్తది. ఒక రోజు మొత్తం ఏం తినకుంటే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు, పిల్లికి పస్తులు లివర్ మీద పడ్తయ్. బాల్కనికి జాలి కట్టాలె.

పెరుగన్నంతోని పిల్లి బతుకది. దానికి మాంసంల దొరికే టారిన్ కావాలె, అది లేకుంటే కండ్లు, గుండె ఖరాబైతయ్. పాలు చాన పిల్లులకు అరగవు. ఉల్లి, ఎల్లిపాయ దానికి విషం. జ్వరమొచ్చిందని మనం మింగే పారాసిటమాల్ ఎయ్యొద్దు, ఒక్క గోలి చాలు పాణం తీస్తది.

సాదే వీలు లేనోళ్లు ఒక్క ముసలి పిల్లి మందుల ఖర్సు ఎత్తుకోవచ్చు. కొన్నొద్దులు ఇంట్ల పెట్టుకోని, మంచి ఇల్లు దొరికినంక అప్పజెప్పొచ్చు. సర్కారు ఆ 50 రూపాయల జరిమానను మార్చాలె, మనమందరం అడగాలె.

ముద్దున్నన్నొద్దులు ఒళ్లె పెట్టుకోని, ముసలైనంక మూలకేసుడు మనుషుల కాడ గూడ సూస్తున్నం. గీ బుద్ధి మార్సుకునుడు పిల్లి కాడికెళ్లి షురూ జేస్తే తప్పేమున్నది?