భాగం – 12 : సేవాధారిత అనువర్తనాలు – నిర్మాణం, హోస్టింగ్, భద్రత

12.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:

• సేవాధారిత అనువర్తనం అంటే ఏమిటో మీసేవ ఉదాహరణతో వివరించగలుగుతారు.
• ఒక సేవకు కావలసిన చిరునామా, బైండింగ్, ఒప్పందాలను గుర్తించగలుగుతారు.
• సందర్భానికి తగిన హోస్టింగ్ పద్ధతిని ఎంచుకోగలుగుతారు.
• ఒప్పందం రాసే దశలోనే భద్రత గురించి ఎందుకు ఆలోచించాలో చెప్పగలుగుతారు.

12.1 ఉపోద్ఘాతం

హైదరాబాదులో అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో దిగి మైత్రీవనం వైపు నడిచేవారికి ముందుగా కనిపించేవి శిక్షణ సంస్థల బోర్డులే. జావా, డాట్‌నెట్, క్లౌడ్, టెస్టింగ్ అంటూ ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మీలో కొందరు ఉద్యోగం చేసుకుంటూనే ఉదయమో సాయంత్రమో అక్కడి తరగతులకు వెళుతూ, ఈ పాఠాన్ని బస్సులోనో హాస్టల్ గదిలోనో చదువుతూ ఉండవచ్చు.

అటువంటి తరగతిలో మొదటి వెబ్ సేవ రాయడానికి ఎక్కువ సమయం పట్టదు. రెండు అంకెలు ఇస్తే వాటి మొత్తం చెప్పే సేవ ఒకటి రాస్తారు. దాన్ని పిలిచే చిన్న ప్రోగ్రామ్ మరొకటి రాస్తారు. జవాబు తెర మీద కనిపిస్తుంది. ఇక్కడ ఒక విషయం గమనించండి. పిలిచిన ప్రోగ్రామ్, పలికిన సేవ రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉన్నాయి. చిరునామాలో 'లోకల్‌హోస్ట్' అని ఉంది. అడిగింది మీరే, జవాబు చెప్పింది మీరే. అడిగేవారు ఎవరని విచారించవలసిన అవసరం ఆ సేవకు రాలేదు.

అదే సేవ నెట్‌వర్క్ మీదికి వెళితే పరిస్థితి మారుతుంది. పిలిచేవారు ఎవరో తెలియదు. దారిలో సందేశాన్ని ఎవరు చూస్తారో తెలియదు. సేవ ఆగిపోతే దాని మీద ఆధారపడిన మనిషి పని ఆగిపోతుంది. తరగతి గదిలోని ప్రదర్శనకూ, జనం ఆధారపడే సేవకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని దాటడమే ఈ భాగం ఉద్దేశం.

12.2 సేవ అంటే ఏమిటి?

కరెంటు బిల్లుకు ఒక కార్యాలయం, నీటి బిల్లుకు మరొకటి, ఆస్తి పన్నుకు ఇంకొకటి తిరిగిన రోజులు మీ ఇంట్లో పెద్దలకు గుర్తుండే ఉంటాయి. ఈ పనులన్నీ ఒకే కౌంటర్ దగ్గర జరిగేలా 1999లో జంటనగరాల్లో 'ట్విన్స్' పేరుతో ప్రయోగం మొదలైంది. అది 2001లో ఈసేవగా విస్తరించింది. 2011 నవంబరులో మీసేవ వచ్చింది. బిల్లులతో పాటు ఆదాయ, కుల, నివాస ధ్రువపత్రాలు కూడా డిజిటల్ సంతకంతో అందడం మొదలైంది.

పౌరుడికి కనిపించేది ఒకే కౌంటర్. దాని వెనుక మాత్రం వేర్వేరు శాఖలు, వేర్వేరు డేటాబేసులు, వేర్వేరు కాలాల్లో రాసిన ప్రోగ్రాములు ఉంటాయి. అన్నింటినీ పడగొట్టి ఒకే పెద్ద ప్రోగ్రామ్‌గా తిరిగి రాయడం ఆచరణలో సాధ్యం కాదు. ప్రతి శాఖ తాను చేయగల పనిని ఒక సేవగా బయటికి అందిస్తే, కౌంటర్‌లోని ప్రోగ్రామ్ ఆ సేవలను పిలుచుకోవచ్చు. సేవాధారిత నిర్మాణం వెనుక ఉన్న ఆలోచన ఇదే.

నిర్వచనం: ఒక స్పష్టమైన ఒప్పందం ప్రకారం, తన లోపలి నిర్మాణాన్ని బయటపెట్టకుండా, నెట్‌వర్క్ ద్వారా అడిగినవారికి ఒక పని చేసిపెట్టే ప్రోగ్రామ్‌ను సేవ అంటారు.

సేవ లోపలి డేటాబేసును మార్చినా, ఒప్పందం మారనంతవరకు పిలిచేవారి ప్రోగ్రామ్‌ను మార్చనక్కరలేదు. దీన్నే వదులు బంధం అంటారు.

మీసేవ దరఖాస్తులను రెండు రకాలుగా విభజించారు. వివరాలు ముందే డేటాబేసులో ఉన్నవి 'ఏ' రకం. వీటిని 15 నిమిషాల్లో కౌంటర్ దగ్గరే ఇవ్వాలి. అధికారి విచారణ అవసరమైనవి 'బి' రకం. వీటికి కొన్ని రోజుల గడువు ఉంటుంది. సేవలను పిలిచే తీరులోనూ ఇవే రెండు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిదానిలో అడిగిన ప్రోగ్రామ్ జవాబు వచ్చేవరకు ఆగుతుంది. రెండోదానిలో సేవ దరఖాస్తు సంఖ్య ఇచ్చి పంపేస్తుంది, ఫలితాన్ని తరువాత తెలుసుకోవాలి. రోజులు పట్టే పనిని మొదటి పద్ధతిలో రాస్తే, పిలిచిన ప్రోగ్రామ్ కాసేపు ఎదురుచూసి, గడువు మించిందని విరమించుకుంటుంది.

12.3 సేవ నిర్మాణం

మైక్రోసాఫ్ట్ 2006లో డాట్‌నెట్ 3.0తో విడుదల చేసిన డబ్ల్యూసీఎఫ్‌లో ప్రతి సేవా ద్వారానికి మూడు అంశాలు ఉంటాయి. అవి చిరునామా, బైండింగ్, ఒప్పందం. మీరు రెస్ట్ పద్ధతిలో రాసినా, మరో భాషలో రాసినా ఈ మూడు ప్రశ్నలు తప్పవు: ఎక్కడ? ఎలా? ఏమిటి?

చిరునామా: 'మైత్రీవనం దగ్గర' అంటే ఎవరికైనా ప్రాంతం తెలుస్తుంది, తరగతి గది మాత్రం దొరకదు. ఆదిత్య ఎన్‌క్లేవ్, నీలగిరి బ్లాక్, ఫలానా అంతస్తు, ఫలానా గది అని చెప్పాలి. అలాగే సేవ చిరునామాలో ప్రోటోకాల్, కంప్యూటర్ పేరు, పోర్టు సంఖ్య, మార్గం ఉంటాయి. పోర్టు రాయకపోతే హెచ్‌టీటీపీకి 80, హెచ్‌టీటీపీఎస్‌కు 443 అని భావిస్తారు.

బైండింగ్: సందేశం ఏ ప్రోటోకాల్‌లో, ఏ రూపంలో, ఏ భద్రతతో ప్రయాణించాలో ఇది చెబుతుంది. డబ్ల్యూసీఎఫ్‌లో బేసిక్ హెచ్‌టీటీపీ బైండింగ్ పాత సోప్ సేవలతో సులువుగా కలుస్తుంది, కాని మనం అమర్చనిదే దానికి భద్రత ఉండదు. నెట్ టీసీపీ బైండింగ్ రెండు వైపులా డాట్‌నెట్ ఉన్నప్పుడు వేగంగా పనిచేస్తుంది.

ఒప్పందం: సేవ ఏ పనులు చేస్తుందో, ఏమి తీసుకుని ఏమి ఇస్తుందో తెలిపేది ఒప్పందం. దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది అధ్యయనం కోసం ఊహించినది. మీసేవ అంతర్గత నిర్మాణం కాదు.

ఒక విద్యార్థిని ఫీజు రాయితీ కోసం ఆదాయ ధ్రువపత్రం తెచ్చింది. అది అసలుదో కాదో కళాశాల ప్రోగ్రామ్ సరిచూడాలి. మొదటి ప్రయత్నంగా మనం 'వివరాలు ఇవ్వు' అనే పని రాశామనుకోండి. పత్రం సంఖ్య ఇస్తే పేరు, తండ్రి పేరు, చిరునామా, కులం, ఆదాయం అన్నీ వస్తాయి. ప్రోగ్రామ్ బాగానే పనిచేస్తుంది. అయితే సంఖ్యలో చివరి అంకెను ఒకటి పెంచి పంపితే? ఏ సంబంధమూ లేని మరో కుటుంబం వివరాలు తెర మీదికి వస్తాయి.

ఇప్పుడు కళాశాలకు నిజంగా కావలసినది ఏమిటో ఆలోచించండి. పత్రం వారి చేతిలోనే ఉంది. ఆదాయం ఎంతో దాని మీదే ఉంది. కాబట్టి అడగవలసిన ప్రశ్న 'ఈమె ఆదాయం ఎంత?' అన్నది కాదు. 'ఈ సంఖ్యతో, ఈ పేరుకు, ఈ మొత్తానికి పత్రం జారీ అయిందా?' అన్నది. జవాబు 'అవును' లేదా 'కాదు'. ఈ రెండో పనికి 'సరిచూడు' అని పేరు పెడదాం. బయటికి వెళ్లని సమాచారం దొంగిలింపుకు గురికాదు. భద్రతలో మొదటి అడుగు ఒప్పందంలోనే పడిందన్నమాట.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని నోటు పుస్తకంలో రాసి, భాగం చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
'వివరాలు ఇవ్వు', 'సరిచూడు' అనే రెండు పనులలో ఏది మేలు? ఎందుకు?

12.4 హోస్టింగ్

రాసిన సేవ దానంతట అది నడవదు. దాన్ని మెమరీలోకి తెచ్చి, పిలుపుల కోసం వేచి ఉండేలా చేసే ప్రోగ్రామ్‌ను హోస్ట్ అంటారు. విండోస్‌లో ముఖ్యమైన పద్ధతులు మూడు.

1. స్వయం హోస్టింగ్: మామూలు కన్సోల్ ప్రోగ్రామే సేవను నడుపుతుంది. నేర్చుకోవడానికి ఇది చక్కగా ఉంటుంది. కిటికీ మూసేస్తే సేవ ఆగిపోతుంది.
2. విండోస్ సర్వీస్: కంప్యూటర్ మొదలైనప్పుడే, ఎవరూ లాగిన్ కాకపోయినా, సేవ మొదలయ్యేలా అమర్చవచ్చు.
3. ఐఐఎస్ వెబ్ సర్వర్: మొదటి పిలుపు రాగానే సేవను లేపుతుంది. సేవ నడిచే ప్రాసెస్ కూలిపోతే తిరిగి మొదలుపెడుతుంది. ఇలా తిరిగి మొదలైన ప్రతిసారీ మెమరీలోని విలువలు పోతాయి. అందువల్ల నిలవవలసిన సమాచారాన్ని డేటాబేసులో ఉంచాలి.

డబ్ల్యూసీఎఫ్ సర్వర్ భాగం కొత్త డాట్‌నెట్ వెర్షన్లలో లేదు. పాత సేవలను అక్కడికి తరలించడానికి 'కోర్ డబ్ల్యూసీఎఫ్' అనే ప్రాజెక్టు 2022లో 1.0 వెర్షన్ విడుదల చేసింది.

హోస్టింగ్ ఎంపికలో రెండు ప్రశ్నలు వేసుకోండి. మొదటిది, దరఖాస్తుల ఆఖరి రోజున అందరూ ఒకేసారి వస్తే ఏమవుతుంది? ఒకే యంత్రం మీద నడిచే సేవ ఆగితే ఒక విద్యార్థిని ఏడాది రాయితీ పోవచ్చు. అందుకే సేవను ఒకటికంటే ఎక్కువ యంత్రాల మీద నడిపి, పిలుపులను వాటికి పంచుతారు. రెండోది, సేవ ఏ ఖాతా కింద నడుస్తోంది? అడ్మినిస్ట్రేటర్ ఖాతా కింద నడిపితే, సేవలోని చిన్న లోపం ద్వారా చొరబడినవారికి మొత్తం యంత్రం చిక్కుతుంది. అవసరమైన కనీస అధికారాలున్న ఖాతాను మాత్రమే వాడాలి.

12.5 భద్రత

రవాణా భద్రత, సందేశ భద్రత: తపాలా సంచికి సీలు వేయడం ఒక పద్ధతి. సంచిలోని ఉత్తరానికే సీలు వేయడం మరో పద్ధతి. హెచ్‌టీటీపీఎస్ మొదటిది. రెండు కొసల మధ్య దారి భద్రంగా ఉంటుంది. మధ్యలో మరో సర్వర్ సంచి విప్పితే ఉత్తరం కనిపిస్తుంది. సందేశ భద్రతలో సందేశాన్నే సంకేతలిపిలోకి మార్చి, దానికి సంతకం చేస్తారు. కాబట్టి ఎన్ని చేతులు మారినా, అందుకోవలసినవారే విప్పగలరు. ఎక్కువ సేవలకు హెచ్‌టీటీపీఎస్ సరిపోతుంది. మధ్యవర్తులను నమ్మలేని చోట రెండోదీ కావాలి.

గుర్తింపు, అనుమతి: 'నీవు ఎవరు?' అన్నది గుర్తింపు నిర్ధారణ. 'ఈ పని చేయడానికి నీకు అధికారం ఉందా?' అన్నది అనుమతి నిర్ధారణ. లాగిన్ అయిన ప్రతివారికీ ప్రతి రికార్డూ చూపడం రెండోదాన్ని మరచిపోవడమే. అంకె మార్చి పక్కవారి వివరాలు రాబట్టే లోపం ఇటువంటిదే. వెబ్ భద్రతపై పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2019లోనూ 2023లోనూ ప్రకటించిన ఏపీఐ భద్రతా లోపాల జాబితాల్లో దీనికే మొదటి స్థానం ఇచ్చింది.

డిజిటల్ సంతకం: 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది. జారీ చేసేవారు తమ రహస్య తాళంతో సంతకం చేస్తారు. ఎవరైనా బహిరంగ తాళంతో దాన్ని సరిచూడవచ్చు. సంతకం తరువాత ఒక్క అంకె మారినా సరిపోలదు. అయితే పత్రంలోని సమాచారాన్ని సంతకం దాచిపెట్టదు. మార్పు జరిగితే బయటపెడుతుంది, అంతే.

ప్రదర్శన కోసం చేసి, తరువాత సరిదిద్దడం మరచిపోయే తప్పులు కొన్ని ఉన్నాయి. సేవను జనానికి ఇచ్చేముందు వీటిని సరిచూసుకోండి:

• సర్టిఫికెట్ లోపం వస్తోందని, సర్టిఫికెట్ తనిఖీనే ఆపివేసే కోడ్ రాయడం.
• డేటాబేసు పాస్‌వర్డ్‌ను ప్రోగ్రామ్ ఫైళ్లలో రాసి, ఆ ఫైళ్లను అందరికీ కనిపించే చోట పెట్టడం.
• లోపం వచ్చినప్పుడు టేబుళ్ల పేర్లతో సహా పూర్తి వివరాలను పిలిచినవారికి పంపడం. ఆ వివరాలు మీ లాగ్‌లో ఉండాలి. బయటికి చిన్న సందేశం చాలు.
• వచ్చిన విలువలను నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించడం. పారామీటర్లు వాడాలి.
• ఒకరు ఎన్నిసార్లు పిలవవచ్చో పరిమితి పెట్టకపోవడం. పరిమితి లేకపోతే 'సరిచూడు' అనే మన మంచి సేవను కూడా వేల ఊహలతో పిలిచి ఆదాయం కనుక్కోవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
లాగిన్ అడిగే సేవలో కూడా ఒకరి వివరాలు మరొకరికి ఎలా చేరవచ్చు?

12.6 సారాంశం

శాఖలు, సంస్థలు తమ పనులను సేవలుగా అందిస్తే, వేర్వేరు కాలాల ప్రోగ్రాములు కలిసి పనిచేయగలవు. ప్రతి సేవకు చిరునామా, బైండింగ్, ఒప్పందం ఉంటాయి. హోస్ట్ దాన్ని నడుపుతుంది. భద్రతను చివరలో అద్దే రంగుగా భావించకూడదు. ఏమి అడగాలి, ఏమి ఇవ్వాలి అని ఒప్పందంలో నిర్ణయించినప్పుడే అది మొదలవుతుంది. తరువాత హోస్ట్ ఖాతాలో, బైండింగ్‌లో, ప్రతి పిలుపులో జరిగే అనుమతి తనిఖీలో కొనసాగుతుంది. తరగతిలో సేవ రాసినప్పుడు 'పనిచేస్తోందా?' అని అడిగారు. ఇకపై దానికి మరో ప్రశ్న జోడించండి: 'ఇది తప్పుగా పనిచేస్తే నష్టం ఎవరికి?'

12.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. 'సరిచూడు' మేలు. కళాశాలకు అవసరమైన జవాబు మాత్రమే ఇస్తుంది. సంఖ్య మార్చి పిలిచినా ఇతరుల వివరాలు రావు.
2. సేవ గుర్తింపును మాత్రమే తనిఖీ చేసి, అడిగిన రికార్డు చూసే అధికారం ఆ వ్యక్తికి ఉందో లేదో తనిఖీ చేయకపోతే చేరవచ్చు.

12.8 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సేవ నిర్మాణంలో చిరునామా, బైండింగ్, ఒప్పందాల పాత్రను ఉదాహరణలతో వివరించండి.
2. మీ ఊరి గ్రంథాలయంలో పుస్తకం అందుబాటులో ఉందో లేదో తెలిపే సేవకు ఒప్పందం రాసి, పాఠకుల వివరాలు బయటపడకుండా మీరు తీసుకునే జాగ్రత్తలను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. స్వయం హోస్టింగ్‌ను ఐఐఎస్ హోస్టింగ్‌తో పోల్చండి.
2. రవాణా భద్రతకూ సందేశ భద్రతకూ తేడా ఏమిటి?