ఉష్ణ శుష్క ప్రాంతాలలో గులాబీ: వేరు మండల రక్షణకు భిన్నమైన పద్ధతులు

గులాబీ పెరుగుదలకు 15 నుండి 28 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలం. రాయలసీమలో ఏప్రిల్, మే మాసాలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలను దాటడం సాధారణం. సాలీనా సుమారు 550 మి.మీ. వర్షపాతం గల అనంతపురం ప్రాంతంలో బోరు నీరే ప్రధానాధారం. ఆకులు వాడినప్పుడల్లా పైపైన తడి ఇవ్వడం వలన నీరు అధిక భాగం ఆవిరైపోతుంది, లవణాలు పై పొరలో పేరుకుంటాయి. కొమ్మలపై పడే ఎండతోపాటు వేరు మండలంలోని వేడి, తేమ ఒడిదుడుకులు కూడా మొక్కను కుంగదీస్తాయి. కనుక ఇక్కడి యాజమాన్యం వేరు నుండి మొదలు కావాలి.

పల్లపు మడులు

అధిక వర్షపాత ప్రాంతాలకు ఎత్తు మడులు తగినవి. పొడి గాలులు వీచే చోట అవి పక్కల నుండి కూడా తేమను కోల్పోతాయి. తేలికపాటి ఎర్ర నేలలలో మడిని నేలమట్టానికి సుమారు 15 సెం.మీ. దిగువన ఏర్పరచి, చుట్టూ గట్టు వేస్తే స్వల్ప వర్షం కూడా మొక్క మొదట ఇంకుతుంది. నీరు నిలిచే నల్లరేగడి నేలలకు ఈ పద్ధతి పనికిరాదు.

పాతిన కుండలు

గ్లేజు పూత లేని మట్టికుండను మొక్కకు 25-30 సెం.మీ. దూరంలో మెడ వరకు పాతి, నీటితో నింపి మూత పెట్టాలి. చుట్టూ మన్ను పొడిగా ఉన్నప్పుడు నీరు కుండ గోడ గుండా వెలుపలికి లాగబడుతుంది. మన్ను తడిసినప్పుడు ఈ ప్రవాహం మందగిస్తుంది. ఈ విధంగా నేలపై పొర తడవకుండానే వేళ్లకు తేమ అందుతుంది. కుండను పాతే ముందు నీరు నింపి ఒక దినం ఉంచి చూడాలి. వెలుపలి గోడ చెమర్చని కుండ ఉపయోగపడదు. కఠిన జలం వాడితే కాలక్రమేణా రంధ్రాలు పూడుకుపోతాయి. ఈ పద్ధతి పెరటి తోటలకు, తొలి వేసవిని ఎదుర్కొనే లేత మొక్కలకు అనువైనది. నిండుగా పూసే పెద్ద మొక్కకు కుండ ఒక్కటే చాలదు. విస్తారమైన తోటలో కుండలు నింపే శ్రమ అధికం గనుక, ఆచ్ఛాదన కింద డ్రిప్ గొట్టాలు వేయడమే మేలు.

ఆచ్ఛాదన

వేరుశనగ కాయల పొట్టు, వరిగడ్డి వంటి స్థానిక వ్యర్థాలను 7-10 సెం.మీ. మందాన పరిస్తే నేల వేడి, ఆవిరి నష్టం తగ్గుతాయి. కాండం చుట్టూ కొంత ఖాళీ వదలాలి. చెదల బెడద గల నేలలలో తరచుగా పరిశీలించాలి. నల్లని ప్లాస్టిక్ షీటు కలుపును అణచినా, మండు వేసవిలో నేల వేడిని పెంచే ప్రమాదం ఉంది.

పూతకు విరామం

వేసవిలో పూలు చిన్నవై, రంగు వెలిసి, రేకుల సంఖ్య తగ్గుతుంది. అట్టి పూలకై మొక్క శక్తిని వెచ్చించనీయక, మొగ్గలను గిల్లివేసి ఆకులను నిలుపుకోవడం యుక్తం. ఈ కాలంలో గట్టి కత్తిరింపులు చేస్తే నీడ కోల్పోయిన కొమ్మలకు ఎండదెబ్బ తగులుతుంది. ప్రధాన కత్తిరింపులను వర్షాకాలం ముగిసిన పిదప, అక్టోబరులో చేపట్టాలి. రాజస్థాన్‌లోని పుష్కర్ పరిసరాలలో సాగయ్యే డమాస్క్ గులాబీ వసంతంలోనే పూసి, తీవ్రమైన వేసవికి ముందే ముగిస్తుంది. శుష్క మండలంలో పూత కాలాన్ని వాతావరణానికి అనుగుణంగా మలచుకోవాలనడానికి ఇది నిదర్శనం.

పొడి వేడిలో ఎర్రనల్లి ఉద్ధృతమవుతుంది. ఉదయం వేళ ఆకుల అడుగుభాగాన్ని నీటి ధారతో కడిగితే ఉద్ధృతి కొంత తగ్గుతుంది. చౌడు లక్షణం గల నేలలలో రోసా ఇండికా ఒడొరాటా వేరు మూలంపై కట్టిన అంట్లను ఎంచుకోవడం శ్రేయస్కరం.

విస్తరణలో గమనించవలసినవి

ఈ పద్ధతులన్నింటినీ ఒకేసారి సిఫారసు చేస్తే ఏది ఫలించినదో తెలియదు. ఒకే తోటలో కొన్ని వరుసలకు ఆచ్ఛాదన మాత్రమే, కొన్నింటికి ఆచ్ఛాదనతో కుండలు, మరికొన్నింటికి రైతు అలవాటు పద్ధతి అమలుపరచాలి. ఇచ్చిన నీటి పరిమాణం, 10 సెం.మీ. లోతున నేల ఉష్ణోగ్రత, జూన్ నాటికి బతికిన మొక్కల సంఖ్య నమోదు చేయాలి. బోరు అడుగంటే ప్రాంతంలో అదనపు తడి ఇమ్మని చెప్పే సలహా రైతుకు భారమే. ఇచ్చిన తడిని వేరు వద్ద నిలిపే మార్గం చూపడమే విస్తరణ కార్యకర్త చేయగల మేలు.