నిప్పు కోసం కాచుకునే చెట్టు

పొయ్యిలో నిప్పు ఆరకుండా చూసుకోవడమూ, అది పొయ్యి దాటకుండా చూసుకోవడమూ మనకు రోజూ ఉండే పనులే. అడవికి కూడా ఇలాంటి లెక్క ఉందంటే నమ్ముతారా? అమెరికాలో ఉత్తరాన ఉన్న మిచిగన్ రాష్ట్రపు ఇసుక నేలల సంగతి చెబుతాను.

వేల ఏళ్ళ కిందట మంచుగడ్డలు కరిగి పారిన నీళ్ళు తెచ్చి పోసిన ఇసుక అది. వాన కురిస్తే జల్లెడలో పోసినట్టు దిగిపోతుంది. సారమూ అంతంత మాత్రమే. అక్కడ పెరిగేది జాక్ పైన్. సూదుల్లాంటి ఆకులు, గిడసబారిన మాను, చూడ్డానికి ఏమంత అందమైన చెట్టు కాదు. దాని కాయలు (శాస్త్రం చదివినవారు కాయలనరు గానీ మనకు తెలిసిన మాట అదే) లక్కముద్ర వేసిన కవరులాగా జిగురుతో మూసుకుని ఏళ్ళ తరబడి కొమ్మనే పట్టుకుని ఉంటాయి. సుమారు 50 డిగ్రీల సెంటీగ్రేడు వేడి తగిలితే గానీ ఆ జిగురు కరగదు. అంత వేడి తెచ్చేది ముఖ్యంగా కార్చిచ్చే. పెద్ద చెట్లు కాలిపోతాయి, విత్తనాలు రాలతాయి, బూడిద పరచిన ఇసుకలో పిల్లమొక్కలు ఒత్తుగా లేస్తాయి.

ఆ లేత తోపులనే నమ్ముకున్న చిన్న పిట్ట ఒకటుంది. పేరు కిర్ట్‌లాండ్ వార్బ్లర్. పసుపుపచ్చని పొట్ట. చలికాలం బహమా దీవుల్లో గడిపి, వేసవికి పుట్టింటికొచ్చినట్టు ఇక్కడికి వస్తుంది. గూడు నేలమీదే, కింది కొమ్మల చాటున. చెట్లకు సుమారు 5 నుంచి 20 ఏళ్ళ వయసు ఉన్నంతవరకే ఆ చాటు. తరువాత కింది కొమ్మలు ఎండిపోతాయి, పిట్ట వెళ్ళిపోతుంది.

నిప్పు ఆర్పడం మంచిపనే కదా అని దశాబ్దాల పాటు కనపడిన మంటనల్లా ఆర్పారు. ఊళ్ళు దక్కాయి, తోపులు ముసలివయ్యాయి. పాడే మగపిట్టలు 1961లో 502 ఉంటే, 1971లో 201 మాత్రమే. మన కోకిల కాకిగూట్లో గుడ్లు పెట్టినట్టు కౌబర్డ్ అనే పక్షి వీటి గూళ్ళలో గుడ్లు పెట్టేది. 1972 నుంచి బోనులు పెట్టి దాన్ని పట్టారు. అయినా లెక్క పెరగలేదు. చాటు లేనిదే గూడు ఎక్కడ కట్టుకుంటుంది చెప్పండి?

1980 మే 5న ఈ పిట్ట కోసమే అటవీశాఖ వారు కొద్దిమేర నిప్పు పెట్టారు. గాలికి అది చేయి దాటింది. మాక్ సరస్సు చుట్టుపక్కల 24,000 ఎకరాలకు పైగా కాలిపోయాయి. ఇళ్ళూ ఇతర కట్టడాలూ కలిసి 44 పోయాయి. ఆర్పబోయిన అటవీ ఉద్యోగి ఒకాయన చనిపోయారు. ఇది చదివి నేను పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. పిట్ట కోసం ఒక మనిషి ప్రాణం పోవాలా అనిపించింది. కానీ పదేళ్ళు తిరిగేసరికి ఆ కాలిన నేలమీద లేచిన తోపుల్లోనే పిట్టలు గూళ్ళు కట్టాయి. 1987లో 167కు దిగిన లెక్క ఆ తరువాతే పైకి వచ్చింది. ఆ నష్టానికి ఈ లాభం చెల్లు అని మాత్రం నేననలేను.

ఇప్పుడు ఎక్కువచోట్ల నిప్పు పెట్టరు. ముదిరిన చెట్లు కొట్టి కలపకు అమ్మి, లేత మొక్కలు నాటుతారు. మంట వదిలే ఖాళీల్లాగే మధ్యమధ్య జాగా వదులుతారు. 2019లో ఆ పిట్టను ప్రమాదంలో ఉన్న జీవుల జాబితా నుంచి తీసేశారు. అయినా నాటడం ఆపలేదు. ఈ ఏడు నాటిన మొక్క పిట్టకు చాటివ్వడానికి అయిదారేళ్ళు పడుతుంది, మరో పదిహేనేళ్ళకు ఆ చాటూ పోతుంది.