కోంటా ఏ ఫోల్డరులో ఉంది?

కోంటా తెలుసుగా అమ్మడూ? మన చింతూరు దాటాక శబరి ఒడ్డున వచ్చే బస్తర్ ఊరు. అక్కడి ఫొటోలన్నీ ఒక కంటెంట్ మేనేజ్‌మెంట్ సర్వరులో దాచారనుకో. ఏపీఐ ద్వారా ఒకటి తెప్పించాలంటే నీ ప్రోగ్రాము దారి చెప్పాలి: ఛత్తీస్‌గఢ్/సుక్మా/కోంటా/శబరి.జేపీజీ. సర్వరు అన్నిటికీ పైనున్న ఫోల్డరులో మొదలెట్టి వరసగా ఒక్కో పేరే చూస్తుంది. ఛత్తీస్‌గఢ్ ఉందా? ఉంది, లోపలికి పద. సుక్మా ఉందా? ఇలా చివరిదాకా పోతే ఫైలు ఇస్తుంది. నడుమ ఒక్క పేరు తప్పినా 404, అంటే దొరకలేదు అంటుంది. ఎక్కడ తప్పిందో మాత్రం చాలా సర్వర్లు చెప్పవు, అదే నాకు గిట్టదు.

పేరు తెలుగులో ఉంటే ఇంకో తమాషా. వెబ్ చిరునామాలో మన లిపి ఉన్నది ఉన్నట్టు వెళ్లదు. కోంటాలో క, ఓత్వం, సున్నా, ట, దీర్ఘం కలిపి 5 గుర్తులు. ఒక్కోటీ 3 బైట్లు, ఒక్కో బైటుకీ ఓ శాతం గుర్తూ రెండక్షరాలూ. వెరసి 45! పాపం, అంత చిన్న ఊరి పేరుకి.

అసలు చిక్కు వేరే ఉంది. 1998 దాకా కోంటా బస్తర్ జిల్లాలోది. కేరళ కన్నా పెద్ద జిల్లా అది. ఆ ఏడు విడగొడితే కోంటా దంతెవాడలోకి వెళ్లింది. 2000లో మధ్యప్రదేశ్ పోయి ఛత్తీస్‌గఢ్ వచ్చింది. 2012లో జిల్లా సుక్మా అయింది. ఊరు అడుగు కదల్లేదు, దారి మూడుసార్లు మారింది. మన చింతూరేం తక్కువ తిన్నదా? 2014లో ఖమ్మం నుంచి తూర్పు గోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకి! ఫోల్డర్లు కూడా ఇలాగే మారాయనుకో, పాత దారి రాసుకున్న ప్రోగ్రాముకి ప్రతిసారీ 404 తప్పదు.

అందుకే ఇలాంటి సర్వర్లతో ప్రోగ్రాములు మాట్లాడడానికి 2010లో ఓయాసిస్ సంస్థ ఆమోదించిన సీఎంఐఎస్ ప్రమాణంలో రెండు పద్ధతులు పెట్టారు. గెట్‌ఆబ్జెక్ట్‌బైపాత్ అంటే దారితో అడగడం, గెట్‌ఆబ్జెక్ట్ అంటే ఐడీతో అడగడం. ఫైలుని ఏ ఫోల్డరులోకి జరిపినా మామూలుగా ఐడీ మారదు. మొదటిసారి దారితో అడుగు, జవాబుతో వచ్చే ఐడీని దాచుకో, తర్వాత దానితోనే పిలువు.

అన్నిటికీ కాదు సుమా. తునికాకు ధరల పట్టికను ఎవరో ఏటా తీసేసి, కొత్తది అదే పేరుతో పెడుతుంటారనుకో. అప్పుడు ఐడీ కొత్తదవుతుంది, దారి పాతదే ఉంటుంది. అలాంటి ఫైలుకి నువ్వు దాచుకున్న ఐడీ పనికిరాదు, దారితో అడగాల్సిందే.