ఆగి ఆగి నడచు పాత కారు

మిట్టమధ్యాహ్నము గుంటూరులో బయలుదేరి, లాం మీదుగా అమరావతి దాటి, పాత అంబాసిడర్ కారొకటి ధరణికోటకు వచ్చినదనుకొందము. 30 కిలోమీటర్లకు పైగా చక్కగా నడచిన బండి, ఊరిలో గేదెలమంద అడ్డురాగా యాక్సిలరేటరుపై కాలు తీయగానే గడగడ వణకి ఆగిపోయినది. అరగంట చెట్టునీడను నిలిపినంతనే ఏమియు ఎరుగనట్లు బయలుదేరినది. మరునాటి ఉదయము మెకానిక్కునకు చూపగా రోగము కనబడలేదు. ఆయన ఐడిలింగ్ స్క్రూను అరచుట్టు బిగించి పంపెను. నాలుగు దినములు సుఖము. అయిదవనాడు మరల అదే కథ. ఈ బండిని నమ్మి రాత్రివేళ రోగిని గుంటూరు ఆసుపత్రికి తీసికొనిపోవుటెట్లు? ధాన్యకటకపు వీధులలో తిరిగిన ఎడ్లబండ్లకు ఈ బెడద లేదు గదా యని నవ్వుకొనవచ్చును గాని, దానివలన చిక్కు తీరదు.

వేగముగా పోవునపుడు లేని దోషము ఐడిలింగులోనే ఏల బయటపడును? అప్పుడు ఇంజను పీల్చు గాలి మిక్కిలి స్వల్పము. ప్యాకింగు సందున దూరు కొద్దిపాటి గాలి, వేగములో లెక్కకు రాకున్నను, ఇక్కడ పెద్ద భాగమగును. పెట్రోలు వచ్చు ఐడిలింగ్ జెట్టు కూడ సూదిమొన వంటి రంధ్రమే. టాంకులోని తుప్పునలుసు దానికి అడ్డుపడును, మరల తొలగును. రోగము వచ్చి పోవుచుండుటకు ఇదియొక కారణము.

కావున స్క్రూ జోలికి పోక, బండి ఆగిన క్షణముననే పరీక్షింపవలెనని మా అభిప్రాయము. చల్లారిన పిదప సాక్ష్యము మిగులదు.

మొదట పెట్రోలు సంగతి. తాళము తీసివేసి, దరిదాపుల నిప్పు లేకుండ జూచుకొని, ఎయిర్ క్లీనరు విప్పి, కార్బురేటరులోనికి చూచుచు త్రాటిలును చేతితో కదల్పవలెను. సోలెక్సు అయినచో సన్నని ధార చిమ్మును. చిమ్మనిచో లోపల పెట్రోలు లేదు. ఎండవేడికి గొట్టములోనే పెట్రోలు ఆవిరియై, పంపు దానిని లాగజాలక పోయియుండవచ్చును. పంపుపై తడిగుడ్డ వేసినంతనే బండి కదలినచో కారణము దొరకినట్లే.

పెట్రోలున్నచో కండెన్సరును అనుమానింపవలెను. డిస్ట్రిబ్యూటరులోని ఈ చిన్న డబ్బా వేడికి చెడి, చల్లారగానే కోలుకొనును. అప్పుడు ప్లగ్గులలోని నిప్పురవ్వ పలుచబడును, పాయింట్లు మాడిపోవును. కండెన్సరు మార్చి, పాయింట్ల సందును సుమారు 0.4 మిల్లీమీటరుగా అమర్చవలెను.

ఇవి రెండును సరిగానుండి, నడచుచుండగనే ఇంజను వణకుచున్నచో, చోకును కొంచెము లాగుడు. కుదుటపడినచో గాలి ఎక్కువైనది, లేదా పెట్రోలు తక్కువైనది. జెట్టు శుభ్రపరచి, కార్బురేటరు క్రింది ప్యాకింగును, వాక్యూమ్ గొట్టమును చూడవలెను. సందులు కనిపెట్టుటకు కొందరు వేడి ఇంజనుపై పెట్రోలు చల్లుదురు; అది ప్రాణాపాయము. సబ్బునీళ్లు చాలును, అవి పడినచోట ఇంజను స్వరము మారును.

2025 నాటికి మనదేశపు పెట్రోలులో 20 శాతము ఇథనాల్ కలియుచున్నది. పాత రబ్బరు గొట్టములు దానికి మెత్తబడి పగులును. నీటిని కూడ అది పీల్చుకొనును. 2014లో తయారీ ఆగిన అంబాసిడర్లలో పాతవానికి ఈ గొట్టములు మార్చుట తప్పనిసరి.

ఒక్కొక్కసారి ఒక్క వస్తువునే మార్చుడు. సందు మూసిన వెంటనే ఇంజను తనంత తాను వేగము పుంజుకొనును. మునుపు బిగించిన ఆ అరచుట్టును అప్పుడు వెనుకకు త్రిప్పవలెను.