మాస్టర్స్‌లో ఆ ‘స్’ ఎవరిది?

అమెరికా చదువులకు దరఖాస్తులు పెట్టుకునే కాలం. దాని మీద ముఖచిత్ర కథనం గురువారానికల్లా చేతికి రావాలన్నారు సంపాదకులు. ఫీజులు, వీసాల లెక్కలు రాయాల్సిన కలం ఓ విద్యార్థి రెజ్యూమె దగ్గరే ఆగిపోయింది. చదువు వివరాల్లో మొదటి వరుస ‘బ్యాచిలర్స్ ఆఫ్ టెక్నాలజీ’. లక్ష్యం ‘మాస్టర్స్ ఆఫ్ సైన్స్’. రెండుచోట్లా ఆ ‘స్’ ఉండకూడదు.

పక్కనే అతని ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఉంది. అందులో విశ్వవిద్యాలయం ‘బ్యాచిలర్ ఆఫ్ టెక్నాలజీ’ అని సరిగ్గానే అచ్చువేసింది. నాలుగేళ్ల కష్టానికి దక్కిన కాగితమది. దాన్ని చూసి రాసుకున్నా సరిపోయేది. కానీ చేతికి వచ్చేది నోట నానిన మాటే కదా!

“మావాడు మాస్టర్స్ చేస్తున్నాడు” అనడంలో తప్పేమీ లేదు. అది ‘మాస్టర్స్ డిగ్రీ’కి పొట్టిరూపం. చిక్కంతా ఆ ‘స్’ను బహువచనం అనుకోవడంలోనే ఉంది. అది షష్ఠీ విభక్తి. ఇంగ్లిష్‌లో ఎస్ ముందు అపాస్ట్రఫీ పడాలి. తెలుగు లిపిలో ఆ గుర్తుకు చోటు లేదు కాబట్టి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒకేలా వినిపిస్తాయి.

నిజానికి తెలుగువాళ్లకు ఇది సులువుగా అందాలి. మాస్టర్ అంటే మన మాస్టారే. లాటిన్ ‘మజిస్టర్’కు గురువనే అర్థం. మధ్యయుగపు ఐరోపాలో ఆ పట్టా పాఠం చెప్పడానికి అర్హత. అంటే మాస్టర్స్ డిగ్రీ ‘మాస్టారి పట్టా’. మనం ‘రు’ను ‘రి’ చేసే చోట ఇంగ్లిష్ అపాస్ట్రఫీ, ఎస్ తగిలిస్తుంది. మాస్టర్ ఆఫ్ సైన్స్ అయితే ‘శాస్త్రంలో మాస్టారు’. ‘ఆఫ్’ ఉండగా మరో విభక్తి దేనికి? రెండు పట్టాలున్నవారు కూడా ‘మాస్టారి పట్టాలు’ అనాలే తప్ప మాస్టార్లను పెంచకూడదు. భాషాప్రవీణ చదివినవారు ‘భాషాప్రవీణులు పాసయ్యాను’ అంటారా?

అసోసియేటెడ్ ప్రెస్ శైలి నియమావళిదీ ఇదే పద్ధతి: మాస్టర్స్ డిగ్రీకి అపాస్ట్రఫీ ఉంటుంది, మాస్టర్ ఆఫ్ సైన్స్‌కు ఉండదు. ఒక్క అక్షరంతో సీటు పోతుందని ఎవరైనా బెదిరిస్తే నమ్మనక్కర్లేదు. అయినా అంత శ్రమపడి సాధించిన పట్టా పేరు తప్పు పోతే చూడటానికి బాధగానే ఉంటుంది.

 

ఇవీ గమనించండి

ఎంఎస్ అంటే మన ఆసుపత్రుల్లో మాస్టర్ ఆఫ్ సర్జరీ, అమెరికా కాలేజీల్లో మాస్టర్ ఆఫ్ సైన్స్. పూర్తిపేరు రాస్తే అనుమానమే ఉండదు.

అమెరికాలో రెండేళ్ల ‘అసోసియేట్ డిగ్రీ’కి అపాస్ట్రఫీ లేదు, ఎస్ లేదు.

‘డాక్టరేట్ డిగ్రీ’ అక్కర్లేదు. డాక్టరేట్ అన్నా చాలు, డాక్టోరల్ డిగ్రీ అన్నా చాలు.

కోర్సు ఇంకా నడుస్తుంటే పట్టా పేరు పక్కన ‘ఎక్స్‌పెక్టెడ్’ అని, పూర్తయ్యే నెల, సంవత్సరం వేయాలి.