యువ పురుషుల జాతీయ సాఫ్ట్‌బాల్ జట్టు – గ్రామీణ మైదానం: భీమడోలు నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
అంతర్జాతీయ పోటీలో యువ పురుషుల సాఫ్ట్‌బాల్ జట్టు బలం ఎంపిక శిబిరంలో తయారుకాదు. అంతకు ఐదారేళ్ల ముందు పాఠశాల మైదానంలో పిచ్చర్ తయారైన తీరును బట్టి అది చాలావరకు నిర్ణయమవుతుంది. ఈ విషయాన్ని ఆట నియమాలు, వయోవిభాగాలు, అర్జెంటీనా అనుభవం ఆధారంగా వివరించి, భీమడోలు వంటి ప్రాంతాలకు దాని అన్వయాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సాఫ్ట్‌బాల్, పిచ్చింగ్, వయోవిభాగం, పాఠశాల క్రీడలు, భీమడోలు.

1. ఉపోద్ఘాతం:
1887లో అమెరికాలోని షికాగో నగరంలో జార్జ్ హాన్‌కాక్ చుట్టగట్టిన బాక్సింగ్ గ్లౌజును బంతిగా, చీపురు కర్రను బ్యాటుగా చేసి నాలుగు గోడల మధ్య ఆడించిన ఆటే సాఫ్ట్‌బాల్‌కు మూలం. పేరులో మెత్తదనం ఉన్నా నేటి బంతి మెత్తనిది కాదు. దాని చుట్టుకొలత 12 అంగుళాలు. జూనియర్ పురుషుల తొలి ప్రపంచ పోటీలు 1981లో కెనడాలోని ఎడ్మంటన్‌లో జరిగాయి. 2013లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ అంతర్జాతీయ సంస్థలు ఒకే సమాఖ్యగా ఏర్పడ్డాయి. 2020లో న్యూజిలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్‌లో జరిగిన పోటీ 18 ఏళ్లలోపు వారి ప్రపంచకప్ పేరుతోనే నడిచింది.

2. నలభై ఆరు అడుగుల దూరం:
పురుషుల సాఫ్ట్‌బాల్‌లో పిచ్చర్ నిలిచే పలకకు, హోమ్‌ప్లేట్‌కు మధ్య దూరం 46 అడుగులు, అంటే 14.02 మీటర్లు. పిచ్చర్ అడుగు ముందుకు వేసి, చేతిని గాలిమర రెక్కలా తిప్పి, నడుము పక్కనుంచి బంతిని వదులుతాడు. ఆ క్షణానికి బంతి ప్రయాణించవలసిన దూరం దాదాపు 12 మీటర్లే. బంతి వేగం గంటకు 110 కిలోమీటర్లు అనుకుంటే బ్యాటర్‌కు దక్కే వ్యవధి సుమారు 0.4 సెకను. క్రికెట్‌లో క్రీజుల మధ్య దూరం 17.68 మీటర్లు. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతికి కూడా అక్కడ అర సెకను పైనే పడుతుంది. పైగా బంతి నేలను తాకి లేచే తీరు బ్యాటర్‌కు ఒక సూచన ఇస్తుంది. సాఫ్ట్‌బాల్‌లో ఆ సూచన ఉండదు. వెనుకకు తిరిగే బంతి ఊహించినంత కిందికి దిగదు కనుక పైకి లేచినట్లు భ్రమ కలిగిస్తుంది. ముందుకు తిరిగేది అకస్మాత్తుగా జారిపోతుంది.

ఏడు ఇన్నింగ్స్‌ల ఆటలో ఒక జట్టు సాధించవలసిన ఔట్లు 21. వాటిలో ఎక్కువ భాగాన్ని పిచ్చర్ ఒక్కడే స్ట్రైకులతో రాబట్టగలడు. అతడు గురి తప్పితే మిగిలిన ఎనిమిది మంది చురుకుదనం అక్కరకు రాదు. ఐదు ఇన్నింగ్స్‌ల తరువాత ఏడు పరుగుల తేడా ఉంటే ఆట అంతటితో ముగుస్తుంది. అనుభవం లేని జట్టుకు తప్పు దిద్దుకొనే అవకాశాన్ని కూడా ఈ నియమం మిగల్చదు.

3. క్రికెట్ అలవాట్లు – వయోవిభాగాల చిక్కు:
తెలుగు ప్రాంతాల్లో సాఫ్ట్‌బాల్‌కు వచ్చే బాలురలో చాలామందికి తొలి పరిచయం క్రికెట్. బంతిని పట్టడం, దూరం నుంచి గురిచూసి విసరడం ఆ అభ్యాసం ఇచ్చిన వరాలు. అయితే వికెట్‌ను కాపాడుకొనే బ్యాటింగ్ ఇక్కడ పనిచేయదు. మూడు స్ట్రైకులతో బ్యాటర్ వెనుదిరగాలి. హద్దుల లోపల బంతిని కొడితే పరుగెత్తక తప్పదు. ఈ దృష్టితో చూస్తే కర్రాబిళ్ళ ఆట సాఫ్ట్‌బాల్‌కు మరింత దగ్గర. గాలిలోకి లేచిన బిళ్ళను నేల తాకకముందే కొట్టడం అందులోని కీలకం.

భారత పాఠశాల క్రీడల సమాఖ్య పోటీలు 14, 17, 19 ఏళ్లలోపు విభాగాలుగా జరుగుతాయి. ప్రపంచకప్ హద్దు 18 ఏళ్లు. కాబట్టి 19 ఏళ్లలోపు విభాగంలో రాణించిన క్రీడాకారుడు ప్రపంచ పోటీ నాటికి అర్హత దాటిపోయి ఉండవచ్చు. మహిళల సాఫ్ట్‌బాల్ 1996 నుంచి 2008 వరకు వరుసగా నాలుగు ఒలింపిక్స్‌లోనూ, టోక్యోలోనూ చోటు పొంది, 2028 లాస్ ఏంజెలెస్ క్రీడలకు తిరిగి వస్తోంది. పురుషుల విభాగానికి ఆ వేదిక ఎన్నడూ దక్కలేదు. అందువల్ల బాలునికి ఈ వయసులో దొరికే అత్యున్నత వేదిక యువ ప్రపంచకప్పే. ఒకటి రెండేళ్లలో ఆ తలుపు మూసుకుంటుంది.

4. అర్జెంటీనా అనుభవం:
ఫుట్‌బాల్ తప్ప మరొకటి కనబడని దేశంగా పేరుపడిన అర్జెంటీనాలో పరానా అనే నదీతీర నగరం సాఫ్ట్‌బాల్‌కు రాజధానిగా పేరు తెచ్చుకొంది. 2012లో జూనియర్ పురుషుల ప్రపంచ పోటీలు ఆ నగరంలోనే జరిగాయి. అర్జెంటీనా విజేతగా నిలిచింది. ఏడేళ్ల తరువాత, 2019లో ప్రాగ్‌లో జరిగిన పురుషుల ప్రపంచ పోటీ తుదిపోరులో ఆ దేశం జపాన్‌ను 3–2 తేడాతో ఓడించి తొలిసారి ప్రపంచ విజేత అయింది. దేశమంతటా ఆట విస్తరించాకే ఫలితం వస్తుందనే అభిప్రాయాన్ని ఈ ఉదాహరణ సవాలు చేస్తుంది. ఒక్క ప్రాంతం నిలకడగా ఆటను పట్టుకొన్నా జాతీయ జట్టుకు వెన్నెముక కాగలదు.

5. భీమడోలుకు అన్వయం:
తెలుగునాట అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు తన క్రీడా కార్యక్రమాల్లో సాఫ్ట్‌బాల్‌కు చోటిచ్చింది. ఏలూరు, తాడేపల్లిగూడెం మధ్య రైలుమార్గంపై ఉన్న భీమడోలుకు వేరే అనుకూలతలు ఉన్నాయి. గుండుగొలను, పూళ్ళ, ఆగడాలలంక వంటి గ్రామాల నుంచి పిల్లలు ఒకచోట చేరడం కష్టం కాదు. దక్షిణాన వరిపొలాలు, చేపల చెరువులు, కొల్లేరు అభయారణ్యం ఉన్న ఈ ప్రాంతంలో విశాలమైన మైదానం దొరకడం అరుదు. క్రికెట్‌కు చుట్టూ వలయాకారపు స్థలం కావాలి. సాఫ్ట్‌బాల్‌లో ఆట 90 డిగ్రీల కోణంలోనే సాగుతుంది, బేస్‌ల మధ్య దూరం 60 అడుగులే. పాఠశాల ఆవరణ మూలలో హోమ్‌ప్లేట్ పెడితే సాధన మొదలవుతుంది.

పిచ్చర్ అభ్యాసానికి అంతకన్నా తక్కువ చాలు: పదిహేను, పదహారు మీటర్ల చదునైన నేల, వెనుక గట్టి గోడ లేదా మడతలు వేసిన వల. వానకాలంలో బురదయ్యే నల్లమట్టిపై మెట్టప్రాంతపు ఎర్రమట్టిని పరచుకోవచ్చు. ఇక్కడ వనరుల కొరత కన్నా పన్నెండేళ్ల వయసులోనే పిచ్చర్‌ను గుర్తించి, వారానికి ఇన్ని బంతులని హద్దు పెట్టి, భుజానికి హాని కలగకుండా నాలుగైదేళ్లు తీర్చిదిద్దే ఉపాధ్యాయుని కొరతే పెద్దది. పోటీకి పదిహేను రోజుల ముందు పెట్టే శిబిరం ఆ పని చేయలేదు.

6. ముగింపు:
యువ జాతీయ జట్టును పతకాల లెక్కతో మాత్రమే కొలిస్తే, వయోపరిమితి దాటిన ప్రతి బాలుడూ ముగిసిన అధ్యాయంగా మిగులుతాడు. పిచ్చింగ్ పరంపర ఉన్న ప్రాంతంలో అతడే తరువాతి పిచ్చర్‌కు తొలి గురువు కాగలడు. అందువల్ల వ్యాయామవిద్యా పరిశోధకులు జాతీయ పోటీల ఫలితాలతో పాటు, ఒక్కో మండలంలో విండ్‌మిల్ పద్ధతిలో బంతి వేయగల బాలురు ఎందరో, వారికి నేర్పుతున్నది ఎవరో నమోదు చేయడం అవసరం. జాతీయ జట్టు భవిష్యత్తును ముందుగా చెప్పగల సమాచారం అదే.